తీశాకే వేయాలి: ఆటల తైలవర్ణ చిత్రాల దిద్దుబాటుపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవే. దాదాపు అన్నీ ఆటల బొమ్మల గురించే. కబడ్డీ, వెయిట్‌లిఫ్టింగ్, క్రికెట్, పాతకాలపు వస్తాదుల బొమ్మలు... విషయం ఏదైనా బాధ ఒక్కటే: వేసిన బొమ్మను రోజూ దిద్దుతున్నారు, దిద్దినకొద్దీ అది చెడుతోంది. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూ పొద్దున గంటన్నర, రాత్రి రెండు గంటలు బొమ్మ మీద కూర్చుంటున్నాను. రెండడుగులు, మూడడుగుల కాన్వాస్ మీద ఆయిల్ రంగులతో కబడ్డీ వేస్తున్నాను. రాత్రి వేసింది పొద్దున నచ్చదు. మళ్లీ వేస్తాను. నెల తిరిగేసరికి ఆటగాళ్ల ఒళ్లంతా బురద రంగుకు వచ్చేసింది. రోజువారీ పనికి ఒక వరస చెప్పగలరా?
— నెల్లిమర్ల నుంచి ఒక పాఠకుడు

జవాబు: రంగులు తప్పు కలిపినందువల్ల బురద కాలేదండీ. కింది పూత ఏ దశలో ఉందో చూడకుండా పైన వేయడం వల్ల అయింది. ఆయిల్ రంగు వాటర్‌కలర్‌లాగా నీరు ఆవిరై ఆరేది కాదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడాలి. దానికి రోజులు పడుతుంది, ఒక్కో రంగుకు ఒక్కో లెక్క. అంబర్ (మట్టి గోధుమ) రంగుల్లో ఉండే మాంగనీస్ ఆరడాన్ని తొందరపెడుతుంది కాబట్టి పలచటి పూత ఒకటి రెండు రోజుల్లో చేతికి అంటకుండా అవుతుంది. టైటానియం వైట్, కాడ్మియం ఎరుపు, ఐవరీ బ్లాక్, అలిజరిన్ క్రిమ్సన్ లాంటివి వారం తీసుకుంటాయి, మందంగా వేస్తే ఇంకా ఎక్కువ. వానాకాలంలో మరీ ఆలస్యం. అంటే మీరు ఒకే రాత్రి వేసిన బొమ్మలో ఆటగాడి మట్టిరంగు నిక్కరు ఆరిపోయి ఉంటుంది, తెల్ల బనీను జిగటగానే ఉంటుంది.

అందుకే పొద్దున మొదటి పని వేలితో చూడటం. చూపుడువేలి వెనక భాగాన్ని మీరు దిద్దాలనుకున్న చోట మెల్లగా ఆనించండి. రంగు వేలికి అంటుకుని వచ్చిందా, అది పచ్చి. వేలు పట్టుకున్నట్టయి రంగు రాలేదా, అది జిగట దశ. ఏమీ కాకపోతే పైకి ఆరినట్టు.

పచ్చిగా ఉంటే మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది, అయితే పైన వేయకండి, ముందు తీయండి. పాలెట్ నైఫ్‌ను పడుకోబెట్టి గీకితే ముప్పావు వంతు రంగు వచ్చేస్తుంది. ఇంకో మంచి పద్ధతి: పచ్చి రంగు మీద పాత న్యూస్‌పేపర్ పరిచి అరచేత్తో రుద్ది ఒక అంచు నుంచి లాగేయడం. మందమంతా కాగితానికి అంటుకుపోతుంది, బొమ్మ గీతలు, వెలుగు నీడలు మాత్రం పలచగా మిగులుతాయి. లండన్‌లోని స్లేడ్ స్కూల్‌లో పాఠాలు చెప్పిన హెన్రీ టాంక్స్ పేరు మీద దీన్ని టాంకింగ్ అంటారు. ఒక మొహాన్నో, చేతినో రాత్రి చెడగొట్టుకున్నామనిపిస్తే పడుకోబోయే ముందే ఈ పని చేసేస్తే పొద్దున కష్టం సగం తగ్గుతుంది.

జిగట దశలో దాన్ని ముట్టుకోవద్దు. మీ బొమ్మకు జరిగిన నష్టమంతా ఇక్కడే జరిగింది. ఈ దశలో బ్రష్షు పెడితే కింది రంగు పొరలు పొరలుగా లేచి పై రంగులో కలుస్తుంది. చర్మం రంగులో నారింజ ఛాయ ఉంటుంది, వెనక మైదానం నీడలో నీలం ఉంటుంది, రెండూ తెల్లతో కలిసి లేస్తే వచ్చేది మీరు చెప్పిన బురదే. నాలుగైదు రోజులు ఆ భాగాన్ని వదిలేయండి.

ఆరిన భాగం మీద పని చేయాలంటే ముందు ఆ మేరకు మాత్రమే నూనె పట్టించాలి. అవిసె నూనె రెండు మూడు చుక్కలు నూలుపోగులు రాలని బట్టకు అద్ది పలచగా రుద్దండి. ఐదు నిమిషాలాగి పొడిబట్టతో గట్టిగా తుడిచేయండి. మెరుపు కనిపించాలి, తడి కనిపించకూడదు. ఇలా చేస్తే ఆరి పాలిపోయిన పాత రంగు వేసిన రోజు ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్తగా కలిపే రంగు దానికి సరిపోతుంది. ఇది చేయకుండా పాలిపోయిన రంగును చూసి కలిపితే కొత్త ముక్క అతుకు వేసినట్టు తెలిసిపోతుంది.

ఇక నూనె పాళ్లు. మొదటి పూతకు టర్పెంటైన్ ఒక్కటే. రెండో పూతకు టర్పెంటైన్ రెండు పాళ్లు, నూనె ఒక పాలు. మూడోదానికి సగం సగం. ఆఖరి పూతలకు నూనె రెండు పాళ్లు, టర్పెంటైన్ ఒక పాలు. రంగు ఐదు చెంచాలుంటే ఈ మిశ్రమం ఒక చెంచాకు మించకూడదు. పైకి వెళ్లేకొద్దీ నూనె పెరగాలే గాని తగ్గకూడదు. రోజూ దిద్దేవాళ్లు మరచిపోయేది ఏమిటంటే, ప్రతి దిద్దుబాటూ ఒక పూతే. మూడో పూత మీద చిన్న చెయ్యి మార్చడానికి ఉత్త టర్పెంటైన్‌తో పలచన చేసి వేశారంటే అక్కడ పగులుకు విత్తనం వేసినట్టే.

పొద్దున, రాత్రి పనుల్ని వేరు చేయండి. పసుపు బల్బు కింద తెలుపుకీ లేతపసుపుకీ తేడా తెలియదు, నీలాలు నల్లబడతాయి. అందుకే రాత్రి వేసింది పొద్దున నచ్చడం లేదు. రాత్రిపూట గీత సరిచేయడం, వెలుగు నీడల మోతాదు చూడటం, గీకడం పెట్టుకోండి. రంగు నిర్ణయాలన్నీ పొద్దున వెలుగులో తీసుకోండి. తప్పనిసరైతే 5000 కెల్విన్, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి పైన అని రాసి ఉన్న ఎల్‌ఈడీ బల్బు కొనుక్కోండి. ఫోన్‌లో బొమ్మను నలుపు తెలుపులో ఫొటో తీసి చూస్తే ఎక్కడ వెలుగు ఎక్కువైందో తెలిసిపోతుంది. కాన్వాస్‌ను తలకిందులుగా పెట్టినా వంకరలు బయటపడతాయి.

అన్నిటికన్నా పెద్ద మందు: ఒక బొమ్మ కాదు, మూడు మొదలుపెట్టండి. ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి, ఎల్లుండి మూడోది. మొదటిదాని దగ్గరకు తిరిగొచ్చేసరికి సగం రంగులు ఆరి ఉంటాయి. ఆరనివి ఏవో వేలు చెబుతుంది, వాటిని ఇంకో చుట్టుకు వదిలేయవచ్చు. రోజుకు మూడు దిద్దుబాట్లకు మించి పెట్టుకోకండి. కూర్చోబోయే ముందే అవేమిటో కాగితం మీద రాసుకుంటే చెయ్యి పక్కకు పోదు.

ప్రశ్న: ఇక్కడ మంచి అవిసె నూనె దొరకదు. రంగు పలచన చేయడానికి కొబ్బరి నూనె గానీ నువ్వుల నూనె గానీ, బ్రష్షులకు కిరసనాయిలు గానీ వాడవచ్చా?
— పాలకొండ నుంచి

జవాబు: రంగులో వద్దు. కొబ్బరి నూనెతో కలిపిన రంగు ఎన్నటికీ ఆరదు. నువ్వుల నూనె కూడా రంగును గట్టిగా పట్టి ఉంచేంతగా ఆరదు, ఏళ్ల తరబడి జిగట మిగులుతుంది. హార్డ్‌వేర్ షాపులో తలుపులకు వేసే బాయిల్డ్ ఆయిల్ ఆరుతుంది గానీ ముదురు పసుపు రంగుకు తిరుగుతుంది, తొందరగా ఆరడానికి అందులో వేసే మందుల వల్ల పై పొర ముందు బిగిసి ముడతలు పడుతుంది. ఆర్టిస్ట్ రంగుల షాపు నుంచి చిన్న సీసా తెప్పించుకోండి, పైన చెప్పిన లెక్కలో వాడితే చాలా రోజులు వస్తుంది.

కిరసనాయిలు పూర్తిగా ఎగిరిపోదు, జిడ్డు మిగిలి తర్వాతి రంగును ఆరనివ్వదు. బ్రష్షులను ముందు బట్టతో తుడిచి, టర్పెంటైన్‌లో జాడించి, బట్టల సబ్బుతో అరచేతిలో నురగ తెల్లబడేదాకా రుద్దండి. కొబ్బరి నూనెకు ఇక్కడ మాత్రం ఒక ఉపయోగం ఉంది: ఎండిపోతున్న రంగును వెంట్రుకల మొదళ్లలోంచి వదలగొడుతుంది. కాకపోతే ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగాలి.

ప్రశ్న: మా ఊళ్లో ఇంటికొకరు బరువులెత్తే పిల్లలున్నారు. ఒక అమ్మాయి తలపైకి బరువెత్తి నిలబడ్డ బొమ్మ వేశాను. కండలు, మొహం ఎన్నిసార్లు దిద్దినా బరువు బరువుగా కనిపించడం లేదు, అట్టముక్కలు పట్టుకున్నట్టుంది. చేతులు రెండుసార్లు మార్చాను, పాత చేతులు దయ్యాల్లా కనిపిస్తున్నాయి.
— కొండవెలగాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కొండవెలగాడ నుంచి ఈ ప్రశ్న రావడం చాలా సంతోషం. మీ జిల్లా పక్కనే ఆమదాలవలస ప్రాంతం నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఇలాంటి విషయాన్ని బొమ్మ వేసేటప్పుడు చూసేవాళ్లలో సగం మందికి ఆట తెలిసి ఉంటుంది. కొలతల్లో తేడా వస్తే వాళ్ల కళ్లు అక్కడే ఆగిపోతాయి.

మొహం, కండలు పక్కన పెట్టి ముందు పనిముట్టును దిద్దండి. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు. 25 కిలోలదైనా 10 కిలోలదైనా వ్యాసం అదే, మందమే తేడా. ఆడవాళ్ల బార్ 15 కిలోలు, పొడవు 201 సెంటీమీటర్లు. మగవాళ్లది 20 కిలోలు, 220 సెంటీమీటర్లు. రెంటిలోనూ లోపలి అంచుల మధ్య, అంటే చేతులు పట్టుకునే భాగం, 131 సెంటీమీటర్లే. ఇప్పుడు ప్లేటునే కొలబద్దగా తీసుకోండి. ఎదురుగా చూసే బొమ్మలో ప్లేట్లు పక్కనుంచి సన్నగా కనిపించినా వాటి ఎత్తు 45 సెంటీమీటర్లే కదా. అమ్మాయి ఎత్తు 157 సెంటీమీటర్లనుకుంటే ఆమె మూడున్నర ప్లేట్ల ఎత్తు ఉండాలి. ప్లేట్ల మధ్య ఖాళీ మూడు ప్లేట్ల ఎత్తుకు కాస్త తక్కువ. కాగితం ముక్క మీద ప్లేటు ఎత్తు గుర్తు పెట్టుకుని కాన్వాస్ మీద జరుపుతూ చూస్తే తప్పు ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది. ప్లేట్లు చిన్నవి వేయడమే ఎక్కువమంది చేసే తప్పు, అట్టముక్కల్లా కనిపించడానికి అదే కారణం కావచ్చు.

రంగుల లెక్క కూడా కుదరాలి. 25 కిలోలు ఎరుపు, 20 నీలం, 15 పసుపు, 10 ఆకుపచ్చ. రెండు పక్కల బిగించే కాలర్లు చెరి రెండున్నర కిలోలు. మీ బొమ్మలో 110 కిలోలు ఉండాలంటే బార్ 15, కాలర్లు 5 పోగా ఒక్కో పక్క 45 మిగులుతుంది: లోపల ఎరుపు ఒకటి, బయట నీలం ఒకటి. పాత పోటీ ఫొటో చూసి వేస్తున్నట్టయితే ఆ ఫొటోలో ఏముందో అదే వేయండి.

ఇక బరువు ఎక్కడ కనిపిస్తుందంటే, సమతూకంలో. పక్కనుంచి చూసే బొమ్మ అయితే దారానికి చిన్న బరువు కట్టి కాన్వాస్ ముందు వేలాడదీయండి. బార్ మధ్య నుంచి దిగిన దారం పాదం మధ్యలో పడాలి. వేళ్ల వైపు రెండు వేళ్ల మేర జరిగినా చూసేవాళ్లకు ఆమె ముందుకు పడిపోతుందనిపిస్తుంది, లేదా బరువు అబద్ధమనిపిస్తుంది. తర్వాత మణికట్టు చూడండి, నిజమైన బరువు కింద అది వెనక్కి వంగుతుంది. మోచేతులు బిగిసి ఉంటాయి. మడమ నేలకు అతుక్కుని ఉంటుంది, బూటు పక్కభాగం కొద్దిగా ఉబ్బుతుంది. భారీ బరువైతే బార్ కొసలు సన్నగా కిందికి వంగుతాయి, కానీ విల్లులా వంచేయకండి. మొహంలో పళ్లు బిగించి, నరాలు ఉబ్బించి చూపించాల్సిన అవసరమే లేదు. బరువు నిలిచిన ఆ రెండు క్షణాల్లో మొహం చాలాసార్లు ప్రశాంతంగా ఉంటుంది.

పాత చేతుల సంగతి. పాత గీత రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి, రంగు గట్టు. మీరు పైన ఎంత ఆకాశం వేసినా కింది బ్రష్షు గట్టు పక్క వెలుగులో నీడ వేస్తూనే ఉంటుంది. రెండోది, ఆయిల్ రంగు ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పారదర్శకమవుతుంది. ఇవాళ కప్పేశామనుకున్నది పదేళ్లకో ఇరవయ్యేళ్లకో తేలుతుంది. అందుకని చేతులున్న చోట పూర్తిగా ఆరాక, కనీసం మూడు నాలుగు వారాలాగి, గట్లను బ్లేడుతో పడుకోబెట్టి గీకండి. తర్వాత 320 నంబరు వాటర్ పేపర్‌ను నీళ్లలో తడిపి చిన్న చిన్న సున్నాలుగా రుద్దండి, కాన్వాస్ వెనక చదునైన అట్ట ఆనించి. పొడిగా మాత్రం రుద్దవద్దు, కాడ్మియం లాంటి రంగుల పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. తడిబట్టతో తుడిచి, ఒక రోజు ఆరనిచ్చి, పలచగా నూనె పట్టించి, వెనకదృశ్యం రంగును టైటానియం వైట్ కలిపి దట్టంగా రెండు పూతలు వేయండి. ఆ రెంటికీ మధ్య కనీసం వారం ఉండాలి. ఆ తర్వాతే కొత్త చెయ్యి.

ప్రశ్న: కబడ్డీ రైడర్, పరిగెత్తే బౌలర్, గుర్రపు స్వారీ వేస్తుంటాను. మొదటిరోజు స్కెచ్‌లో ఉన్న కదలిక దిద్దేకొద్దీ పోతోంది. చివరికి విగ్రహాలు మిగులుతున్నాయి. ఫొటో చూసి వేసినా అంతే. ఏం చేయాలి?
— విజయనగరం నుంచి

జవాబు: కదలిక పోయేది అంచుల దగ్గర. రోజూ దిద్దేటప్పుడు మన చెయ్యి తెలియకుండానే ప్రతి అంచునూ శుభ్రం చేస్తుంది. పది రోజులకు ఒంటి చుట్టూ కత్తిరించినట్టు గీత వచ్చేస్తుంది. పరిగెత్తే మనిషిలో స్పష్టంగా ఉండాల్సినవి రెండు మూడు చోట్లే: నేల మీద ఆనిన పాదం, కళ్లున్న వైపు మొహం, తాకబోతున్న వేళ్లు. మిగతావి వెనక రంగులోకి కరగాలి.

ఒక రైడర్‌నే తీసుకుందాం. ఎడమకాలు గీత మీద, కుడిచెయ్యి ముందుకు సాచి, ఒళ్లు వెనక్కి వాలి ఉంది. ఎడమపాదం, దాని కింద నీడ గట్టిగా వేయండి. కుడిచేతి వేళ్లలో చూపుడువేలు, మధ్యవేలు స్పష్టంగా, మిగతా రెండూ ఒకే మచ్చగా. వెనక్కి లేచిన కుడికాలు పిక్క దగ్గర, వీపు వెనక అంచు మీద రంగు పచ్చిగా ఉండగానే పొడి మెత్తటి బ్రష్షుతో కదలికకు అడ్డంగా కాకుండా కదలిక వెంబడే ఒక్కసారి లాగి వదిలేయండి. రెండోసారి లాగితే అది పొగ అవుతుంది. పాదం దగ్గర లేచే దుమ్ము ఆరిన రంగు మీద వేయాల్సినది: ఎల్లో ఆకర్, వైట్, చిటికెడు బర్న్ట్ సియెన్నా కలిపి, బ్రష్షులో రంగు దాదాపు ఏమీ లేనట్టు బట్టకు తుడిచి, కాన్వాస్ నేతగట్ల మీద మాత్రం అంటేట్టు రాయాలి. విజయనగరం వైపు ఎర్రమట్టి మైదానమైతే బర్న్ట్ సియెన్నా కాస్త పెంచండి. అదే ఎర్రటి వెలుగు పిక్కల లోపలి వైపు, గడ్డం కింద కూడా పడుతుంది. ఈ ఒక్కటి చేర్చినా ఆటగాడు ఆ నేల మీద నిలబడతాడు.

మైదానం గీతలను బొమ్మ మొదట్లోనే కొలతతో పెట్టుకోండి. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. మధ్యగీత నుంచి బాక్ లైన్ (రైడర్ తప్పక దాటాల్సిన గీత) 3.75 మీటర్లు, అక్కణ్నుంచి బోనస్ లైన్ ఒక మీటరు. వీటిని ముందుగా సరైన లోతుతో గీసుకుంటే తర్వాత మనుషుల సైజులు దిద్దాల్సిన పని సగం ఉండదు.

ఫొటోల గురించి. గుర్రం పరుగులో నాలుగు కాళ్లూ ముందుకీ వెనక్కీ చాపి గాల్లో ఉంటాయని చిత్రకారులు శతాబ్దాల పాటు నమ్మారు. ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ గుర్రపు పందెం చిత్రంలో అన్నీ అలాగే ఎగురుతుంటాయి. 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీస్తే తేలింది వేరు: నాలుగు కాళ్లూ నేలను వదిలేది అవి పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. అయినా జెరికో బొమ్మలో వేగం ఉంది, మైబ్రిడ్జ్ ఫొటోల్లో చాలావాటిలో గుర్రం ఆగిపోయినట్టుంటుంది. కాబట్టి ఒకే ఫొటో నమ్ముకోవద్దు. ఫోన్‌లో వీడియో తీసి, ఒక అడుగుకు ముందు, అడుగు పడ్డాక, రెండూ ఆపి చూసి, రెంటికీ మధ్య భంగిమ ఎంచుకోండి.

దిద్దడంలో ఓపిక గురించి కూడా ఒక మాట. ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా 1866లో పారిస్ సలోన్ అనే చిత్ర ప్రదర్శనలో పెట్టిన గుర్రపు పందెం చిత్రం ఒకటుంది, కిందపడ్డ జాకీది. దాన్ని 1880-81లో మళ్లీ దిద్దాడు, 1897 ప్రాంతంలో ఇంకోసారి. ఇప్పుడది వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అన్నేళ్ల ఎడంతో దిద్దడం వేరు, నిన్న వేసినదాన్ని ఇవాళ దిద్దడం వేరు. మొదటిరోజు స్కెచ్‌ను మాత్రం కాన్వాస్ మీద చెరిపేయకుండా ఫొటో తీసి ఈజిల్ పక్కన అతికించుకోండి. అంచుల విషయంలో సందేహం వచ్చిన ప్రతిసారీ దాన్నే చూడండి.

ప్రశ్న: ఫ్లడ్‌లైట్ల కింద రాత్రి క్రికెట్ మ్యాచ్ వేశాను. నల్లటి ఆకాశం అక్కడక్కడా బూడిదరంగుకు తిరిగింది. దాని మీద లైట్ల వెలుగు వేసిన చోట సన్నటి పగుళ్లు. రెండూ ఎందుకు?
— శ్రీకాకుళం నుంచి

జవాబు: పగుళ్లకు మూలం ఐవరీ బ్లాకే. అది ఎక్కువ నూనెతో రుబ్బిన రంగు, చాలా మెల్లగా ఆరుతుంది. మీరు దాన్ని అడుగున మందంగా వేసి, పైకి ఆరిందనుకుని తొందరగా ఆరే లైట్ల రంగు పైన పెట్టారు. పైది బిగిసిపోయాక కిందిది ఇంకా కదులుతూ ఉంది, అందుకే పగిలింది. బూడిదరంగు మచ్చలకు కారణం నూనె కాన్వాస్ లోపలికి ఇంకిపోవడం: ప్రైమర్ (రంగు వేసే ముందు కాన్వాస్‌కు కొట్టే తెల్లపూత) పలచగా ఉన్న చోట, టర్పెంటైన్ ఎక్కువ పోసిన చోట ఇలా అవుతుంది. మచ్చలకు మందు పైన చెప్పిన నూనె పట్టించడమే.

పగుళ్ల మీద ఇంకో పూత వేస్తే అవి మళ్లీ తేలతాయి. పగిలిన భాగం గోరుతో నొక్కితే మెత్తగా ఉంటే ఇంకా ఆరలేదన్నమాట, అప్పుడు మొత్తం గీకేయడమే మంచిది. గట్టిగా ఉంటే 320 వాటర్ పేపర్‌తో తడిగా రుద్ది, అంచులు సమం చేసి, కొత్తగా వేయండి. ఇకమీదట రాత్రి ఆకాశానికి అడుగు పూత అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ అంబర్ సమానంగా కలిపి పలచగా వేయండి. చాలా లోతైన నలుపు వస్తుంది, అంబర్ వల్ల తొందరగా ఆరుతుంది. ఐవరీ బ్లాక్ కావాలంటే చివరి పూతలో.

ప్రశ్న: కోడి రామ్మూర్తి నాయుడు గారి బొమ్మను పాత నలుపు తెలుపు ఫొటో చూసి వేయాలనుకుంటున్నాను. రంగులు ఊహించి వేస్తే కృత్రిమంగా వస్తోంది.
— వీరఘట్టం నుంచి

జవాబు: ఆయన పుట్టిన ఊరి నుంచే ఈ ప్రయత్నం జరగడం బాగుంది. ఫొటోలో ఉన్నది వెలుగు నీడలే కాబట్టి ముందు వాటినే పూర్తిచేయండి. బర్న్ట్ అంబర్, టైటానియం వైట్ రెండే వాడి మొత్తం బొమ్మను ఒకే రంగులో వేయండి, కావాల్సినదానికన్నా ఒక మెట్టు లేతగా. ఛాతీ, భుజాలు, మెడ కండరాల దిద్దుబాట్లన్నీ ఈ దశలోనే అయిపోవాలి. వస్తాదు ఒంట్లో కండలు ఇప్పటి జిమ్ ఒళ్లలా విడివిడిగా కోసినట్టుండవు. నడుము, పొట్ట కూడా దిట్టంగా ఉంటాయి. దాన్ని సన్నం చేయవద్దు.

రెండు వారాలు ఆరాక పలచటి పారదర్శక పూతలు మొదలుపెట్టండి. బర్న్ట్ సియెన్నా, కొద్దిగా అలిజరిన్, నూనె ఎక్కువున్న మిశ్రమంలో కలిపి వెడల్పు మెత్తటి బ్రష్షుతో చర్మమంతా వేసి, వెలుగు పడే చోట్ల బట్టతో ఒత్తి తీసేయండి. నీడలకు అల్ట్రామెరీన్ చేర్చి ఇంకో పూత, వారం తర్వాత. చెమట మెరుపును తెల్లగా పెట్టకండి. చామనఛాయ చర్మం మీద ఆకాశపు వెలుగు లేత నీలిబూడిదగా మెరుస్తుంది. వైట్, అల్ట్రామెరీన్, చిటికెడు సియెన్నా చాలు, అదీ భుజం మీద, నుదుటి మీద, ముక్కు మీద మాత్రమే.

ప్రశ్న: సముద్రం దగ్గర ఇల్లు. వానాకాలంలో కాన్వాస్ వదులైపోతోంది, వెనక నల్లటి చుక్కలు వస్తున్నాయి.
— కళింగపట్నం నుంచి

జవాబు: చుక్కలు బూజు. బొమ్మను గోడకు ఆనించి పెట్టకండి, వెనక నాలుగు వేళ్ల ఖాళీ వదలండి, ఫ్యాన్ గాలి తగలనివ్వండి. పొడి రోజున వెనక నుంచి మెత్తటి బ్రష్షుతో దులపండి, ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని. వదులైన కాన్వాస్‌కు ఫ్రేము మూలల్లోని చెక్క చీలికలను కొంచెం లోపలికి తట్టండి, కానీ వానల్లో పూర్తిగా బిగించవద్దు. ఎండాకాలం అది ఇంకా లాగి మూలల్లో రంగు చిట్లుతుంది. తీరంలో పెద్ద బొమ్మలు వేసేవాళ్లు ప్లైవుడ్‌కు కాన్వాస్ అతికించి, వెనకవైపు, అంచులకు కూడా ప్రైమర్ కొట్టి వాడితే ఈ బాధ చాలావరకు ఉండదు.

ప్రశ్న: రెండు వారాల్లో ప్రదర్శన ఉంది. ఇంకా దిద్దుతూనే ఉన్నాను. వార్నిష్ ఎప్పుడు కొట్టాలి? రంగు బట్టలు గదిలో గుట్టగా పడున్నాయి, ఘాటుకు తలనొప్పి వస్తోంది.
— బొబ్బిలి నుంచి

జవాబు: అసలు వార్నిష్‌కు పలచటి బొమ్మకు ఆరు నెలలు, మందపు బొమ్మకు ఏడాది ఆగాలి. ప్రదర్శన కోసం రీటచ్ వార్నిష్ (తాత్కాలికంగా వేసే పలచటి వార్నిష్) పలచగా ఒక్క పూత చాలు, అదీ చేతికి అంటకుండా ఆరిన చోట్లే. వాన పడే రోజున కొట్టవద్దు, గాలిలో తేమ చిక్కుకుని పైన పాలలాంటి మసక వస్తుంది. చివరి వారంలో మందపు తెల్లలు వేయకండి, ప్రదర్శన రోజుకు ఆరవు. దిద్దాల్సినవి మిగిలితే పలచటి పూతలతో సరిపెట్టండి, లేదా తొందరగా ఆరే ఆల్కిడ్ మీడియం కలపండి, పలచగా ఉంటే దాదాపు ఒక రోజులో ఆరుతుంది. దాన్ని వాడాక పైన మళ్లీ ఉత్త టర్పెంటైన్ పూత వేయకూడదు.

బట్టల గుట్ట సంగతి ఇవాళే చూడండి, ఇది ప్రదర్శనకన్నా ముఖ్యం. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. విప్పి ఆరేసిన బట్టలో ఆ వేడి పోతుంది, ఉండచుట్టి గుట్ట వేస్తే లోపలే పెరిగి, ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకుంటుంది. మన ఎండల్లో రేకుల షెడ్డులో మరీ ప్రమాదం. పని అయిన ప్రతిసారీ నూనె బట్టలను నీళ్లలో ముంచి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి బయట పెట్టండి, లేదా ఒక్కొక్కటిగా తీగ మీద ఆరేయండి. టర్పెంటైన్ గిన్నెకు మూత ఉంచి, ఎదురెదురు కిటికీలు రెండూ తీసి పని చేస్తే తలనొప్పి కూడా తగ్గుతుంది. తగ్గకపోతే కొన్నాళ్లు టర్పెంటైన్ మానేసి, బ్రష్షులను అవిసె నూనెలో జాడించి సబ్బుతో కడగండి. రంగును ట్యూబ్‌లో ఉన్నట్టుగానే వాడండి.